బాక్టీరియాలో సేంద్రియ ఆమ్లాల రవాణా

బాక్టీరియాలో సేంద్రియ ఆమ్లాల రవాణా అనగా సక్సినిక్, మాలిక్, సిట్రిక్, లాక్టిక్, ఆక్సాలిక్ మొదలైన ఆమ్లాలను బాక్టీరియా కణం తన త్వచంలో అమరియున్న వాహక ప్రోటీన్ల సాయంతో పరిసరాల నుండి లోనికి తీసుకొనే ప్రక్రియ. ఈ ఆమ్లాలు బాక్టీరియాకు కర్బనాన్నీ, శక్తినీ ఇచ్చే ఆహారం. అయితే ఒక ఆమ్లాన్ని జీర్ణించుకొనే ఎంజైములు కణంలో ఉన్నంత మాత్రాన ఆ బాక్టీరియా ఆ ఆమ్లం మీద బ్రతకగలదని చెప్పడానికి వీలు లేదు. దానిని లోనికి చేర్చే ప్రోటీన్ కూడా ఉండాలి; ఉండటమే కాక, ఆ సమయానికి, ఆ పరిస్థితులలో అది తయారవుతూ ఉండాలి. ఎదుట విస్తరి నిండా అన్నం ఉన్నా నోరు కట్టివేస్తే ఆకలి తీరదు కదా! ప్రయోగశాలలో బాక్టీరియాను గుర్తుపట్టే ఒక ప్రసిద్ధ పరీక్ష, పప్పుజాతి మొక్కల వేళ్ళలో జరిగే నత్రజని స్థాపన, పేగులలో ఆక్సలేట్ విచ్ఛిత్తి, వెన్నకు వచ్చే కమ్మని వాసన – ఇవన్నీ ఈ ఒక్క విషయంతో ముడిపడి ఉన్నవి.

పేర్ల విషయంలో ఒక మాట. ఆమ్లం నీటిలో కరిగి ప్రోటాన్లను (అనగా హైడ్రోజన్ అయాన్లను) వదలివేసినప్పుడు మిగిలే ఋణావేశ భాగానికి 'ఏట్' అనే ప్రత్యయంతో పేరు పెడతారు. సక్సినిక్ ఆమ్లం నుండి సక్సినేట్, సిట్రిక్ ఆమ్లం నుండి సిట్రేట్, మాలిక్ ఆమ్లం నుండి మాలేట్ ఆ విధంగా వచ్చిన పేర్లే. కణం చుట్టూ ఉండే ద్రవం సాధారణంగా తటస్థానికి దగ్గరగా ఉంటుంది కనుక అక్కడ మనకు ఎక్కువగా కనిపించేది ఈ రెండవ రూపమే. ఈ వ్యాసంలో రెండు పేర్లూ సందర్భాన్ని బట్టి వాడబడ్డాయి.

ఈ ఆమ్లాలు ఎక్కడివి?

మొక్కల వేళ్ళు మాలేట్, సిట్రేట్ వంటి వాటిని మట్టిలోనికి స్రవిస్తాయి. పాలలో లీటరుకు సుమారు ఒకటిన్నర నుండి రెండు గ్రాముల సిట్రేట్ ఉంటుంది. పెద్దపేగులో పీచుపదార్థాలు పులిసినప్పుడు అసిటేట్, లాక్టేట్, సక్సినేట్ పుడతాయి. పాలకూర, చుక్కకూర తిన్నవారి పేగులలోనికి ఆక్సలేట్ చేరుతుంది. చచ్చిన కణాలు పగిలినపుడు వాటిలోని క్రెబ్స్ వలయపు ఆమ్లాలు బయటపడతాయి. ఇలా ఒక జీవి వదిలినది మరొక జీవికి తిండి అవుతుంది. చక్కెరలతో పోల్చితే వీటినుండి లభించే శక్తి తక్కువే కాని, మట్టిలోను, పేగులోను చక్కెరకు పోటీ ఎక్కువ.

ద్వారం ఎందుకు కావాలి?

కణత్వచం రెండు పొరల కొవ్వు అణువులతో ఏర్పడినది. ఆవేశం లేని చిన్న అణువులు – ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి – దాని గుండా సులభంగా దూరిపోగలవు. ఆవేశం ఉన్నవాటికి ఆ కొవ్వుపొర గోడ వంటిది. అందువలన ఒక ఆమ్లం ఎంత భాగం ఆవేశం లేకుండా ఉన్నది అనేదే మొదటి ప్రశ్న. దీనికి జవాబు ఆ ఆమ్లపు బలాన్ని, పరిసరాల పీహెచ్ ను బట్టి ఉంటుంది. లాక్టిక్ ఆమ్లాన్ని తీసుకొందాము. పీహెచ్ 7 వద్ద దాదాపు 1,400 అణువులలో ఒక్కటి మాత్రమే ప్రోటాన్ ను నిలుపుకొని, ఆవేశం లేకుండా ఉంటుంది. అసిటిక్ ఆమ్లంలో సుమారు 175 కి ఒకటి. రెండు, మూడు ఆమ్ల సమూహాలు గల సక్సినిక్, సిట్రిక్ ఆమ్లాల సంగతి చెప్పనక్కరలేదు. తటస్థ ద్రావణంలో వాటికి ఆవేశరహిత రూపం లేదనే అనుకోవచ్చు.

రెండవ అడ్డంకి ఇంకా పెద్దది. బ్రతికి ఉన్న బాక్టీరియా కణంలో లోపలి వైపు బయటి వైపు కంటే సుమారు 120 నుండి 150 మిల్లీవోల్టుల మేరకు ఋణాత్మకంగా ఉంటుంది. చూడటానికి ఇది చిన్న సంఖ్యే. కాని ఒక్కొక్క ఆవేశానికి ప్రతి 60 మిల్లీవోల్టులకు గాఢతలో పది రెట్ల తేడా వస్తుంది. లోపల 120 మిల్లీవోల్టుల ఋణ పొటెన్షియల్ ఉన్నదనుకొంటే, రెండు ఋణావేశాలు గల సక్సినేట్ కు ఒట్టి తూము వంటి మార్గం తెరిచినా ప్రయోజనం ఉండదు. బయటి గాఢత లోపలి దానికి 10,000 రెట్లు అయితే గాని తూకం సరిపోదు. మట్టినీటిలో సక్సినేట్ అంత ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి కావలసినది తూము కాదు, బరువును ఎత్తి లోపల పెట్టగల యంత్రం. వాహక ప్రోటీన్లు అటువంటి యంత్రాలు.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. పుల్లని ద్రవంలో పరిస్థితి తారుమారవుతుంది. పీహెచ్ 4 వద్ద అసిటిక్ ఆమ్లంలో నూటికి 85 వంతులు ఆవేశం లేని రూపంలోనే ఉండి, ఏ ద్వారంతోనూ పని లేకుండా త్వచం గుండా కణంలోనికి దూరుతుంది. లోపల పీహెచ్ 7 కు పైబడి ఉంటుంది కనుక అక్కడ ప్రోటాన్ ను వదలివేస్తుంది. కణం లోపల పులుపెక్కుతుంది, బయటికి పోలేని అసిటేట్ పోగుపడుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. వెనిగర్ లో వేసిన కూరగాయలు చెడిపోకుండా ఉండటానికి ఇదే ముఖ్య కారణం. ఒకే పదార్థం వాహకం గుండా కొలతగా వస్తే ఆహారం, అదుపు లేకుండా చొరబడితే విషం.

గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు లోపలి త్వచం గాక బయట మరొక త్వచం కూడా ఉన్నది. ఈ బాహ్యత్వచంలో పోరిన్లు అనే ప్రోటీన్లు నీటితో నిండిన రంధ్రాలను ఏర్పరుస్తాయి. సుమారు 600 డాల్టన్ల లోపు అణుభారం గల పదార్థాలు వీటిగుండా పోగలవు. సిట్రిక్ ఆమ్లపు అణుభారం 192 మాత్రమే కనుక ఈ గుమ్మం వద్ద చిక్కు లేదు. అసలు కాపలా లోపలి త్వచం దగ్గరే.

ఈ సంగతి ఎలా తెలిసింది?

కొన్ని బాక్టీరియాల కణాలను పగులగొట్టి, ఆ రసంలో ఒక పదార్థాన్ని కలిపితే అది వెంటనే విచ్ఛిన్నమవుతుంది. అదే పదార్థాన్ని ఆ జాతి సజీవ కణాలకు ఇస్తే ముట్టనైనా ముట్టవు. ఎంజైమ్ ఉండి కూడా పని కనిపించని ఈ స్థితి చాలాకాలం శాస్త్రవేత్తలను తికమక పెట్టింది. 1956 లో పారిస్ లోని పాశ్చర్ సంస్థలో జాక్ మొనో, జార్జ్ కోహెన్ తదితరులు లాక్టోజ్ చక్కెరపై చేసిన పరిశోధనతో దీనికి సమాధానం దొరికింది. లాక్టోజ్ ను విడగొట్టే ఎంజైమ్ వేరు, దానిని లోనికి తెచ్చే ప్రోటీన్ వేరు. రెండింటికీ వేర్వేరు జన్యువులు ఉన్నవని వారు చూపారు. ఆ రెండవ దానికి 'పర్మియేజ్' అని పేరు పెట్టారు.

ఆమ్లాల విషయంలో ఇటువంటి పని ఇంగ్లండులో విలియం కే, హాన్స్ కోర్న్‌బెర్గ్ చేశారు. ఎషెరీషియా కోలై బాక్టీరియాలో సక్సినేట్, ఫ్యూమరేట్, మాలేట్ – ఈ మూడింటిమీదా ఒకేసారి ఎదగలేని ఉత్పరివర్తిత రకాలను వేరుచేసి, లోపం ఎంజైములలో కాక రవాణాలో ఉన్నదని తేల్చారు. 1971 లో వెలువడిన వారి పత్రం నాలుగు కార్బన్ల ద్వికార్బాక్సిలిక్ ఆమ్లాలు మూడింటికీ ఒకే ద్వారం ఉన్నదని నిరూపించింది.

ఆ ద్వారం నడవడానికి శక్తి ఎక్కడినుండి వస్తుంది అనేది మిగిలిన ప్రశ్న. 1961 లో పీటర్ మిచెల్ ప్రతిపాదించిన రసాయన–ద్రవాభిసరణ సిద్ధాంతం దీనికి పునాది వేసింది. కణం శ్వాసక్రియలో ప్రోటాన్లను బయటికి తోడిపోస్తుంది. అవి తిరిగి లోనికి రావాలని చూస్తాయి. చెరువు గట్టుకు ఆనుకొని నిలిచిన నీటివలె ఈ ప్రోటాన్ల ఒత్తిడి ఒక శక్తి నిధి. మొదట ఎంతోమంది ఒప్పుకొనని ఈ సిద్ధాంతానికి 1978 లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది.

వాహకాల తీరులు

బాక్టీరియాలో ఆమ్లాలను తెచ్చే ప్రోటీన్లు ఎన్నో కుటుంబాలకు చెందినవి. పని చేసే తీరును బట్టి చూస్తే మూడు తరహాలు ముఖ్యమైనవి.

మొదటిది సహరవాణా లేక సింపోర్ట్. ఎషెరీషియా కోలైలోని డీసీటీ–ఏ అనే ప్రోటీన్ దీనికి మంచి ఉదాహరణ. ఆక్సిజన్ ఉన్నపుడు సక్సినేట్, ఫ్యూమరేట్, మాలేట్ లను ఇదే తెస్తుంది. ఒక్కొక్క సక్సినేట్ తో కనీసం రెండు ప్రోటాన్లు కలిసి వస్తాయి. రెండు ప్రోటాన్ల ధనావేశం సక్సినేట్ రెండు ఋణావేశాలను సరితూచుతుంది. అప్పుడు పైన చెప్పిన 10,000 రెట్ల అడ్డంకి తొలగిపోతుంది. మూడవది కూడా తోడైతే ఇంకా మేలు – లోపలి ఋణ పొటెన్షియల్ తానే ఈ బృందాన్ని లోనికి లాగుతుంది. అడ్డంకిగా ఉన్నదే ఆకర్షణగా మారుతుందన్న మాట. లాక్టేట్ ను తెచ్చే ఎల్ఎల్‌డీ–పీ ప్రోటీన్ కూడా ప్రోటాన్ తోడుతోనే నడుస్తుంది. కొన్ని బాక్టీరియాలు ప్రోటాన్ కు బదులు సోడియం అయాన్ ను వాడతాయి. క్లెబ్సియెల్లాలోని సిట్–ఎస్ వాహకం సోడియంతో కలిపి సిట్రేట్ ను తెస్తుంది. అదే క్లెబ్సియెల్లా సిట్రేట్ ను కిణ్వనం చేసేటప్పుడు ఆక్సలోఅసిటేట్ నుండి కార్బన్ డయాక్సైడ్ ను తొలగించే ఎంజైమ్ ఆ చర్యలో విడుదలైన శక్తితో సోడియంను మళ్ళీ బయటికి తోడుతుంది. ఈ విచిత్రమైన పంపును పీటర్ డిమ్రోత్ 1980 లో కనుగొన్నారు.

రెండవది మార్పిడి లేక ఆంటిపోర్ట్. ఇందులో ఒక ఆమ్లం లోనికి వస్తే మరొకటి బయటికి పోతుంది. ఆక్సిజన్ లేని చోట ఎషెరీషియా కోలై ఫ్యూమరేట్ ను ఆక్సిజన్ కు బదులుగా వాడుకొని శ్వాసిస్తుంది. ఫలితంగా సక్సినేట్ మిగులుతుంది. డీసీయూ–బీ అనే ప్రోటీన్ ఒక ఫ్యూమరేట్ ను తెచ్చి ఒక సక్సినేట్ ను పంపివేస్తుంది. పాత సామాను ఇచ్చి కొత్తది తెచ్చుకొనే బేరం వంటిది ఇది. రెండింటికీ ఆవేశం సమానం కనుక కణానికి అదనపు ఖర్చు ఏమీ లేదు.

మూడవ తరహాలో వేటకు వేరే ప్రోటీన్ ఉంటుంది. త్వచంలోని వాహకం ఎదురుచూస్తూ కూర్చోక, రెండు త్వచాల నడుమ తిరిగే ఒక బంధక ప్రోటీన్ ను నియోగిస్తుంది. ఈ బంధక ప్రోటీన్ కు రెండు రెక్కలు ఉంటాయి. ఆమ్లం నడుమకు రాగానే, పురుగుపై మూసుకొనే డయోనియా ఆకువలె, రెండూ మూసుకొంటాయి. తరువాత దానిని త్వచంలోని భాగస్వామికి అప్పగిస్తుంది. ఆమ్లం అతి పలుచగా ఉన్న నీటిలో కూడా ఇది పని చేయగలదు. 1997 లో ఇంగ్లండులోని షెఫీల్డులో డేవిడ్ కెల్లీ బృందం రోడోబాక్టర్ కాప్సులేటస్ లో మాలేట్, సక్సినేట్, ఫ్యూమరేట్ లను తెచ్చే ఇటువంటి మూడు ప్రోటీన్ల కూటమిని వర్ణించి, దానికి 'ట్రాప్' వాహకం అని పేరు పెట్టింది. బంధక ప్రోటీన్లు గల వాహకాలన్నీ ఏటీపీని ఖర్చు చేస్తాయని అప్పటివరకు అనుకొనేవారు. ఇది మాత్రం అయాన్ల ఒత్తిడితో నడుస్తుంది. చెవిపోటు, ఊపిరితిత్తుల వ్యాధులు కలిగించే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే మన శరీరంలోని సియాలిక్ ఆమ్లాన్ని ఇటువంటి వాహకంతోనే కాజేసి తన ఒంటికి పూసుకొని మన రోగనిరోధక శక్తి కళ్ళు గప్పుతుంది. తానుగా ఆ ఆమ్లాన్ని తయారు చేసుకోలేదు. ట్రాప్ వాహకాలు మనుషులలో లేవు కనుక వీటిని మూసివేసే మందుల కోసం అన్వేషణ సాగుతున్నది. ఈ సియాలిక్ ఆమ్ల వాహకపు త్వచభాగం నిర్మాణం 2022, 2023 సంవత్సరాలలో వెలువడింది.

సిట్రేట్ కథ

రవాణా ప్రాముఖ్యతను ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు. సిట్రేట్ క్రెబ్స్ వలయంలో మొట్టమొదట ఏర్పడే ఆమ్లం. ఎషెరీషియా కోలై ప్రతి కణమూ నిరంతరం దానిని తయారు చేస్తూ, మారుస్తూనే ఉంటుంది. అయినా గాలి తగిలే చోట బయటి సిట్రేట్ ను మాత్రం అది ఆహారంగా తీసుకోలేదు. 1923 లో స్టువర్ట్ కోసర్ ఈ తేడాను గమనించి, మలం నుండి వచ్చే కోలై బాక్టీరియాను మట్టిలో ఉండే దాని బంధువుల నుండి వేరుచేయడానికి ఉపయోగించవచ్చునని తెలిపాడు. 1926 లో సిమన్స్ దీనిని అగార్ మాధ్యమంగా మార్చాడు. ఆకుపచ్చని మాధ్యమం నీలంగా మారితే ఆ బాక్టీరియా సిట్రేట్ ను వాడుకొన్నట్లు, మారకపోతే లేనట్లు. మన కళాశాలల్లో మైక్రోబయాలజీ విద్యార్థులు ఐఎంవిక్ పరీక్షల్లో చివరిదిగా చేసేది ఇదే. పాఠ్యపుస్తకాలు దీనిని 'సిట్రేట్ వినియోగ పరీక్ష' అంటాయి గాని, కోలై విషయంలో నిజానికి ఇది ద్వార పరీక్ష అనడమే సబబు.

కోలైకి సిట్రేట్ ద్వారం అసలే లేదా అంటే, ఉన్నది! సిట్–టీ అనే మార్పిడి వాహకపు జన్యువు దాని జన్యురాశిలో ఉన్నది. ఆక్సిజన్ లేనపుడు మాత్రమే అది పని చేస్తుంది. ఒక సిట్రేట్ ను తెచ్చి ఒక సక్సినేట్ ను బయటికి పంపుతుంది. గాలి ఉన్నపుడు ఆ జన్యువు నిద్రాణంగా ఉంటుంది. మరొక విశేషం: ఇనుము అందుకోవడానికి కోలై ఇనుముతో కలిసిన సిట్రేట్ ను బాహ్యత్వచం గుండా రానిస్తుంది, ఇనుమును మాత్రం లోపలికి తీసుకొని సిట్రేట్ ను బయటే విడిచిపెడుతుంది. వాకిట్లో దాకా వచ్చిన తిండి ఇంట్లోకి రాదు.

1988 ఫిబ్రవరి 24న రిచర్డ్ లెన్‌స్కీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్విన్ ప్రాంగణంలో ఒక ప్రయోగం ఆరంభించాడు. తరువాత అది మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మారింది. ఒకే మూలం నుండి వచ్చిన కోలైని 12 ఫ్లాస్కులలో వేసి, ప్రతిరోజూ అందులో నూరవ వంతును కొత్త మాధ్యమంలోనికి మార్చడం – చేసే పని అంతే. రోజుకు ఆరున్నర తరాలకు పైగా గడుస్తాయి. 500 తరాలకొకసారి కొంత భాగాన్ని గడ్డకట్టించి భద్రపరుస్తారు. మాధ్యమంలో లీటరుకు 25 మిల్లీగ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. దానికి ఎన్నో రెట్లు సిట్రేట్ ఉంటుంది. అంటే ఆ 12 వంశాలూ ఏళ్ళ తరబడి తినలేని విందు మధ్య అర్ధాకలితో ఈదుతూ వచ్చాయి.

2003 లో ఒక ఫ్లాస్కు మామూలు కంటె చిక్కగా, మబ్బుగా కనిపించింది. ఏదో పరాయి బాక్టీరియా కలిసిందని మొదట అనుమానించారు. పరీక్షించగా అది వారి కోలైయే. సిట్రేట్ ను తినడం నేర్చింది. భద్రపరచిన నమూనాలను వెనక్కి చూసుకొంటూ పోతే, సుమారు 31,500వ తరం నాటికి ఈ శక్తి వచ్చిందని తేలింది. జాకరీ బ్లౌంట్, క్రిస్టినా బోర్లాండ్, లెన్‌స్కీ ఈ ఫలితాన్ని 2008 లో ప్రకటించారు. 2012 లో దాని కారణం కూడా బయటపడింది. కొత్త ఎంజైమ్ ఏదీ పుట్టలేదు, కొత్త వాహకమూ పుట్టలేదు. సుమారు 3,000 బేస్ జతల పొడవు గల జన్యుఖండం ఒకటి రెట్టింపై పక్కపక్కన చేరడం వలన, సిట్–టీ జన్యువు మరొక జన్యువుకు చెందిన ప్రమోటర్ చేతి కిందికి వచ్చింది. ఆ ప్రమోటర్ గాలిలో కూడా పని చేసేది. ఉన్న తలుపుకే కొత్త తాళంచెవి దొరికింది.

కథ అక్కడితో ముగియలేదు. సిట్–టీ మార్పిడి వాహకం కదా! ఒక సిట్రేట్ రావాలంటే ఒక సక్సినేట్ ను గాని, దానివంటి మరొక ఆమ్లాన్ని గాని ఇచ్చుకోవాలి. లోపల ఉన్న సక్సినేట్ ను ఇలా పారబోస్తూ పోతే ఆ వ్యాపారం ఎంతోకాలం సాగదు. అందుకే మొదటి సిట్రేట్ తినే కణాలు దానిపై చాలా బలహీనంగా పెరిగాయి. తరువాత డీసీటీ–ఏ జన్యువును ఎక్కువగా పని చేయించే మరొక ఉత్పరివర్తనం వచ్చింది. బయటికి పోయిన సక్సినేట్ ను డీసీటీ–ఏ ప్రోటాన్ల బలంతో తిరిగి లోనికి తెస్తుంది, దానిని ఇచ్చి సిట్–టీ మళ్ళీ సిట్రేట్ తెస్తుంది. ఒకే మూలధనాన్ని తిప్పుతూ వర్తకం చేసినట్లు. ఈ మలి అడుగును 2014 లో క్వాంట్, బారిక్ తదితరులు వివరించారు.

ఈ మార్పు ఎంత అరుదైనది అనే విషయంలో శాస్త్రవేత్తల మధ్య వాదం ఉన్నది. గడ్డకట్టించిన నమూనాలనుండి చరిత్రను మళ్ళీ నడిపించి చూసినపుడు, సుమారు 20,000వ తరం తరువాతి నమూనాలలో ఈ శక్తి పుట్టే అవకాశం హెచ్చుగా కనిపించింది. కాబట్టి ముందే కొన్ని సన్నాహక మార్పులు జరిగి ఉండాలని లెన్‌స్కీ బృందం అభిప్రాయం. 2016 లో ఐడహో విశ్వవిద్యాలయం వారు, సిట్రేట్ తప్ప వేరే దారి లేకుండా నిర్బంధిస్తే వంద తరాల లోపే ఇటువంటి కోలైని రాబట్టవచ్చని చూపారు. రెండూ నిజమే కావచ్చు. లెన్‌స్కీ ఫ్లాస్కులలో గ్లూకోజ్ రోజూ కొద్దిగా దొరుకుతూనే ఉండేది. ఆ 12 వంశాలు 2022 లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ బారిక్ పర్యవేక్షణలోనికి మారాయి.

వేరు బుడిపెలలో

వేరుశనగ మొక్కను పెరికి చూస్తే వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అనంతపురం రైతుకు ఇవి కొత్త కాదు. వాటిలో నివసించే బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చు అవుతాయి. ఇంత శక్తికి మూలమైన ఆహారాన్ని మొక్కే పెట్టాలి. ఆకులనుండి వేరుకు దిగేది చక్కెరే కనుక బాక్టీరియాకు అందేది కూడా చక్కెరే అనుకోవడం సహజం. అది నిజం కాదు. బుడిపెలోని మొక్క కణాలు చక్కెరను మాలేట్ గా మార్చి, బాక్టీరియా చుట్టూ ఉన్న తమ పొర దాటించి అందిస్తాయి. బాక్టీరియా తన డీసీటీ–ఏ ద్వారా దానిని లోనికి తీసుకొంటుంది.

దీనికి నిదర్శనం 1981 లో దొరికింది. క్లోవర్ మొక్కతో జతకట్టే రైజోబియంలో నాలుగు కార్బన్ల ఆమ్లాల రవాణా చెడిపోయిన రకాలను న్యూజిలాండ్ శాస్త్రవేత్త క్లైవ్ రాన్సన్ బృందం పరిశీలించింది. ఆ బాక్టీరియా వేరులో ప్రవేశించింది, బుడిపెలు కూడా కట్టాయి. నత్రజని స్థాపన మాత్రం జరగలేదు. చక్కెరలను వాడుకోలేని రకాలు మాత్రం నత్రజనిని చక్కగా స్థాపించగలిగాయి. తరువాత బఠానీ, లూసర్న్ మొక్కల బాక్టీరియాలలో కూడా ఇదే కనిపించింది. బుడిపెల సంఖ్యను లెక్కబెట్టి నేలకు నత్రజని చేరుతున్నదని నిశ్చయించుకోరాదని దీనివలన తెలుస్తుంది. కోసి చూస్తే లోపల ఎర్రగా ఉన్న బుడిపె పని చేస్తున్న బుడిపె. పాలిపోయినది ఉత్త కాయ.

ఆక్సలేట్, మూత్రపిండాలు

మూత్రపిండాలలో ఏర్పడే రాళ్ళలో అత్యధికం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. మన శరీరానికి ఆక్సలేట్ ను విచ్ఛిన్నం చేసే శక్తి లేదు. పేగులలో ఉండే ఆక్సలోబాక్టర్ ఫార్మిజెనీస్ అనే బాక్టీరియా దాదాపు పూర్తిగా ఆక్సలేట్ మీదనే బ్రతుకుతుంది. 1985 లో మిల్టన్ అలిసన్ బృందం దీనికి ఈ పేరు పెట్టింది. ఆక్సలేట్ నుండి ఇది కార్బన్ డయాక్సైడ్ ను తీసివేసి ఫార్మేట్ ను మిగుల్చుతుంది. ఈ చర్యలో ఏటీపీ నేరుగా తయారు కాదు. మరి శక్తి ఎలా?

1989 లో అనంతరాం, అలిసన్, పీటర్ మలోనీ ఇచ్చిన వివరణ ఎంతో అందమైనది. ఆక్స్–ఎల్‌టీ అనే వాహకం రెండు ఋణావేశాల ఆక్సలేట్ ను లోనికి తెచ్చి, ఒకే ఋణావేశం గల ఫార్మేట్ ను బయటికి పంపుతుంది. ఒక్కొక్క మార్పిడికి ఒక ఋణావేశం లోపల మిగిలిపోతుంది. కణం లోపల జరిగే చర్య ఒక ప్రోటాన్ ను ఖర్చు చేస్తుంది. రెండూ కలిపి చూస్తే ఒక ప్రోటాన్ ను బయటికి తోడినట్లే! ప్రోటాన్ ను తోడే పంపు ఎక్కడా లేదు, కాని పంపు చేసే పని జరిగిపోయింది. ఆ ఒత్తిడితో కణం ఏటీపీని తయారు చేసుకొంటుంది. అంటే ఈ బాక్టీరియాకు ఆహారం లోనికి రావడమే సగం భోజనం. 2023 లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ వాహకపు నిర్మాణాన్ని ఆక్సలేట్ తో సహా ప్రకటించారు.

2008 లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మళ్ళీ మళ్ళీ రాళ్ళు వచ్చే రోగులలో 17 శాతం మందిలోను, రాళ్ళు లేనివారిలో 38 శాతం మందిలోను ఈ బాక్టీరియా కనిపించింది. అయితే ఇది సంబంధాన్ని చూపుతుంది కాని కారణాన్ని నిరూపించదు. పుట్టుకతో ఆక్సలేట్ అధికంగా తయారయ్యే వ్యాధిగ్రస్తులకు ఈ బాక్టీరియాను మందుగా ఇచ్చి చూసిన పరీక్షలలో ఆశించిన ఫలితం రాలేదు. కాబట్టి దీనిని నమ్ముకొని వైద్యుని సలహాను మానుకోరాదు.

వెన్న వాసన

పాలను తోడుపెట్టే బాక్టీరియాలలో లాక్టోకాకస్ లాక్టిస్ ఒకటి. దీనిలోని కొన్ని రకాలు పాలలోని సిట్రేట్ ను తీసుకొని డైఅసిటైల్ అనే సువాసన పదార్థాన్ని తయారు చేస్తాయి. పులియబెట్టిన మీగడ వెన్నకు ఆ కమ్మదనం దానివల్లనే. సిట్–పీ అనే వాహకం సిట్రేట్ ను తెచ్చి, లాక్టోజ్ నుండి పుట్టిన లాక్టేట్ ను బయటికి పంపుతుంది; ఆక్సలోబాక్టర్ వలెనే ఇక్కడ కూడా ఈ మార్పిడిలో కణానికి కొంత శక్తి లాభిస్తుంది. విశేషమేమంటే, ఈ వాహకపు జన్యువు ప్రధాన క్రోమోజోముపై లేదు. ఒక చిన్న ప్లాస్మిడ్ పై ఉన్నది. ప్లాస్మిడ్ జారిపోయిన కణాలు పాలను మామూలుగానే పులియబెడతాయి, సిట్రేట్ మాత్రం తాకబడకుండా ఉండిపోతుంది, వాసన రాదు. ద్రాక్షసారాయి పరిశ్రమలో ఈనోకాకస్ అనే బాక్టీరియా ఇదే విధంగా మాలేట్ ను తీసుకొని పులుపు తక్కువైన లాక్టేట్ గా మార్చుతుంది.

నియంత్రణ

వాహకాలను తయారు చేయడం ఖర్చుతో కూడిన పని. గ్లూకోజ్ ఉన్నంతసేపు కోలై డీసీటీ–ఏ ను తక్కువగా తయారు చేస్తుంది. ఆమ్లం బయట ఉన్నదో లేదో తెలుసుకోవడానికి డీసీయూ–ఎస్ అనే గ్రాహక ప్రోటీన్ త్వచంలో నిలిచి, బయటి వైపు ఆమ్లాన్ని తాకి చూసి, డీసీయూ–ఆర్ అనే సహచరునికి కబురు పంపుతుంది. అది జన్యువులను మేల్కొలుపుతుంది. ఇందులో డీసీటీ–ఏ కు కూడా పాత్ర ఉన్నదని జర్మనీలోని మైంజ్ నగరంలో గాట్‌ఫ్రీడ్ ఉండెన్ బృందం చూపింది – వాహకమే గ్రాహకానికి తోడుగా నిలిచి దానిని అదుపులో పెడుతుంది. కాపలాదారే వార్తాహరుడు కూడా. చక్కెరకే అగ్రతాంబూలం అనే నియమం అన్ని బాక్టీరియాలకూ వర్తించదు. వేళ్ళ చుట్టూ బ్రతికే సూడోమొనాస్ కు గ్లూకోజ్, సక్సినేట్ రెండూ ఇస్తే మొదట సక్సినేట్ నే తింటుంది.

నిర్మాణం

వాహకం ఒకే సమయంలో రెండు వైపులా తెరచుకొంటే ప్రోటాన్లన్నీ కారిపోతాయి. కాబట్టి ఒక వైపు మూసిన తరువాతనే రెండవ వైపు తెరవాలి. ఇది ఎలా జరుగుతుందో 2004 లో ఎరిక్ గోవో బృందం, 2009 లో ఓల్గా బౌడ్కర్ బృందం ప్రకటించిన నిర్మాణాల వలన తెలిసింది. వారు పరిశీలించినది పైరోకాకస్ హొరికోషి అనే ఆర్కియా జీవి ప్రోటీన్. ఇది డీసీటీ–ఏ కు దాయాది. అందులో ఒక భాగం త్వచంలో కదలకుండా చట్రంలా నిలుస్తుంది. ఆమ్లాన్ని పట్టుకొన్న రెండవ భాగం మొత్తంగా బయటి అంచు నుండి లోపలి అంచుకు జారుతుంది. దీనికి 'లిఫ్ట్ విధానం' అనే పేరు స్థిరపడింది.

వేరే కుటుంబానికి చెందినా, కలరా బాక్టీరియా విబ్రియో కలరేలో సోడియంతో సక్సినేట్ ను తెచ్చే ఇండీ ప్రోటీన్ కూడా ఈ విధానంలోనే పని చేస్తుంది. దీని నిర్మాణం 2012 లో వెలువడింది. ఇండీ అనే పేరు 'నేనింకా చావలేదు' అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. 2000 లో ఈ జన్యువు దెబ్బతిన్న పండ్ల ఈగలు మామూలు ఈగల కంటె ఎక్కువకాలం బ్రతకడం గమనించినవారు సరదాగా పెట్టిన పేరు ఇది. మనుషులలో ఇదే కుటుంబానికి చెందిన వాహకం కాలేయ, మెదడు కణాలలోనికి సిట్రేట్ ను చేరుస్తుంది. దాని జన్యువులో లోపంతో పుట్టిన శిశువులకు మొదటి రోజులలోనే మూర్ఛలు మొదలవుతాయి. ఆ మానవ వాహకపు నిర్మాణం 2021 లో వెల్లడైనపుడు దానిని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు పోల్చి చూసుకొన్నది ఈ కలరా బాక్టీరియా ప్రోటీన్ తోనే.